అడవి అంచున కెన్నెత్ ఆండర్సన్

2020వ సంవత్సరం మే నెల 14వ తేదీ. కరోనా వ్యాధి కారణంగా దేశమంతటా లాక్‌డౌన్ అమలులో ఉన్న రోజులు. నిత్యం లారీలతో క్రిక్కిరిసి ఉండే హైదరాబాదు దక్షిణ శివారులోని మైలార్‌దేవ్‌పల్లి రహదారి ఆ ఉదయం నిర్మానుష్యంగా ఉంది. ఆ నడిరోడ్డు మీద, డివైడరు ప్రక్కన, ఒక చిరుతపులి పడుకొని ఉండడం జనం కంటబడింది. అటవీశాఖ వారు, జంతు ప్రదర్శనశాల సిబ్బంది దానిని బంధించే ప్రయత్నంలో ఉండగానే అది లేచి, సమీపంలోని తోటలోకి దూకి కనుమరుగైపోయింది. అయిదు నెలల తరువాత, అక్టోబరులో, రాజేంద్రనగర్ పరిసరాలలో ఒక చిరుత బోనులో చిక్కేదాకా ఆ ప్రాంతం వారికి కంటిమీద కునుకు లేదు. అడవిలో ఉండవలసిన మృగానికి ఊరిలో ఏమి పని అన్నదే ఆనాడు అందరి నోటా వినిపించిన ప్రశ్న.

ఈ ప్రశ్న చుట్టూనే తన జీవితమంతా తిరిగిన ఒక వ్యక్తి, దానికి 110 సంవత్సరాల పూర్వం, ఈ జంటనగరాలలోనే జన్మించాడంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఆయనే కెన్నెత్ ఆండర్సన్. నరభక్షకులైన పెద్దపులులను, చిరుతలను వేటాడిన వానిగా ఆయన పేరు దేశదేశాలకు తెలుసు. ఉత్తర భారతానికి జిమ్ కార్బెట్ ఎటువంటివాడో దక్షిణ భారతానికి ఆండర్సన్ అటువంటివాడని చెబుతారు. అయితే ఆయన పుట్టిన ఊరు సికింద్రాబాదులోని బొల్లారం అన్న సంగతి మన ప్రాంతం వారిలోనే చాలామందికి తెలియదు.

అసఫ్‌జాహీ ప్రభువు సికందర్ జా పేరు మీదుగా 1806లో ఏర్పడిన సైనిక స్థావరం సికింద్రాబాదు. దానికి ఉత్తరాన ఉన్న బొల్లారం కూడా దండుప్రాంతమే. నేడు రాష్ట్రపతి నిలయంగా ప్రసిద్ధి చెందిన భవనం ఆ రోజులలో బ్రిటిష్ రెసిడెంటు విడిది. చుట్టూ గుండ్రాళ్ళ గుట్టలు, తుమ్మచెట్లు, సీతాఫలపు పొదలు. అటువంటి చోట 1910 మార్చి 8వ తేదీన ఆండర్సన్ జన్మించారు. ఆయన పూర్వీకులు స్కాట్లండు దేశస్థులు. తరతరాలుగా భారతదేశంలోనే స్థిరపడిన కుటుంబం వారిది. తండ్రి డగ్లస్ స్టూవర్ట్ ఆండర్సన్ సైనికుల జీతభత్యాల లెక్కలు చూసే కార్యాలయంలో అధికారి. పక్షుల వేట అంటే ఆయనకు ఇష్టం. ఆరుబయటి జీవితం మీద కుమారునికి మక్కువ కలిగించినది ఆయనే.

చదువు బెంగుళూరులో సాగింది. బిషప్ కాటన్ పాఠశాలలోను, సెయింట్ జోసెఫ్ కళాశాలలోను చదివిన తరువాత, న్యాయశాస్త్రం అభ్యసించడానికి ఎడింబరో పంపారు. అక్కడ ఆయన మనసు నిలవలేదు. చదువు సగంలోనే మానుకొని తిరిగి వచ్చేశారు. కొంతకాలం తంతితపాలా శాఖలోను, ఆ తరువాత బెంగుళూరు విమాన కర్మాగారంలోను ఉద్యోగం చేశారు. నేటి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థకు ఆ కర్మాగారమే మూలం. ప్రణాళికా విభాగంలో మేనేజరు స్థాయికి ఎదిగారు. వారమంతా కర్మాగారంలో కాగితాల మధ్య గడిపే ఈ ఉద్యోగికి, సెలవు చిక్కితే చాలు, అడవే ఇల్లు. రైఫిలు, టార్చిలైటు, పొగాకు పైపు, టీ ఫ్లాస్కు తీసుకొని బయలుదేరేవారు. గుడారం కూడా లేకుండా చెట్టుక్రింద, వాగు ఒడ్డున ఇసుకలో పడుకొనేవారు. ఆయుధం లేకుండా ఒంటరిగా అడవిలో కూర్చొని గంటల తరబడి చెవులొగ్గి వినడం కూడా ఆయనకు అలవాటు.

ఆయనకు గురువులైన వారు ఏ కళాశాలలోను లేరు. నేటి ధర్మపురి జిల్లా అడవులలో, చిన్నార్ వాగు ఒడ్డున నేలలో తవ్వుకొన్న బొరియలో కాపురముండే బైరా అనే పూజారి తెగవాడు, పెన్నాగరం ప్రాంతంలో బండి తోలుకొని బ్రతికే రంగా అనేవాడు ఆయనకు అడవి చదువు చెప్పారు. గోచీ తప్ప మరొక వస్త్రం లేని బైరాను ఆయన తన స్నేహితునిగా చెప్పుకొన్నారు. తెల్లదొరలకు, అడవిబిడ్డలకు మధ్య ఆకాశమంత ఎడముండే కాలంలో ఇది సామాన్య విషయం కాదు. ఆండర్సన్ కథలలో నన్ను ఎక్కువగా ఆకర్షించేవి పులులు కావు, ఈ మనుషులే.

ఆయన రాసిన మొదటి పుస్తకం 1954లో వెలువడింది. తొమ్మిది నరభక్షకులు, ఒక మదపుటేనుగు అని అర్థం వచ్చే పేరు దానిది. ఆ తరువాత 1957, 1959, 1961, 1964, 1967, 1970 సంవత్సరాలలో వరుసగా పుస్తకాలు వచ్చాయి. ఆఖరిది ఆయన మరణానంతరం వెలువడింది. ప్రభుత్వ రికార్డుల ప్రకారం 1939 నుండి 1966 వరకు ఆయన 8 నరభక్షక చిరుతలను, 7 పెద్దపులులను చంపినట్లు చెబుతారు. ఆయన కథలలోని ప్రతి వివరాన్నీ చరిత్రగా స్వీకరించనక్కరలేదు. వేటగాడు తన వేటను తానే చెప్పుకొనేటప్పుడు కొంత రంగు అద్దడం సహజం. కానీ ఆ కథలలోని ఊళ్ళు, వాగులు, రైలు స్టేషన్లు నిజమైనవి. వాటిలో మన తెలుగు నేలకు చెందినవి కూడా ఉన్నాయి. ఆనాటి చిత్తూరు జిల్లాలోని చామల లోయ, మామండూరు, నాగపట్ల, పులిబోను, ఇవన్నీ శేషాచలం కొండల చుట్టుప్రక్కల ప్రాంతాలే. నల్లమల నడుమ సాగే రైలుమార్గం వెంట గాజులపల్లి, చెలమ, దిగువమెట్ట పరిసరాలలో సంచరించిన పులి కథలో మన చెంచులు కనిపిస్తారు. తెలుగువారు అధికంగా నివసించే హోసూరు సమీపాన జవళగిరి అడవులు ఆయనకు కొట్టినపిండి.

ఆ జవళగిరి కథనే చూద్దాం. అక్కడ ఒక ఆడపులి ఉండేది. వేటగాళ్ళు దాని జతగాడిని కాల్చి చంపి, దానిని గాయపరచారు. అప్పటిదాకా మనిషి జోలికి రాని ఆ పులి, ఆ తరువాత మనుషులను చంపడం మొదలుపెట్టింది. దానిని మట్టుబెట్టడానికి ఆండర్సన్ చివరకు ఒక ఉపాయం పన్నారు. మగపులి అరుపును అనుకరించి దానిని పిలిచారు. తోడు దొరికిందని నమ్మి వచ్చిన పులి తుపాకి గుండుకు బలి అయింది. ప్రజల ప్రాణాలు కాపాడిన ఆ పనిని ఆయన గొప్పగా చెప్పుకోలేదు. అటువంటి మోసంతో గెలిచినందుకు మనసు కలుక్కుమన్నదని తెలిసేటట్లుగానే ఆ కథ ముగించారు.

గుమ్మలాపురం చిరుత కథ ఇంతకన్న భయంకరమైనది. 250 చదరపు మైళ్ళ ప్రాంతంలో 42 మంది ప్రాణాలు తీసిన చిరుత అది. సాయంకాలమైతే చాలు, ఊరు ఊరంతా తలుపులు బిగించుకొనేది. తలుపులకు అడ్డంగా రాళ్ళు, మొద్దులు పేర్చేవారు. తలుపు సాధ్యం కాకపోతే ఇంటికప్పు చీల్చుకొని దిగేది ఆ చిరుత. అటువంటి ఊరిలో, ఒక ఇంటిలో ఆండర్సన్ దాని రాక కోసం రాత్రంతా కాచుకొని కూర్చున్నారు. ఆయనకు తోడు ఒక ఊరకుక్క. బక్కచిక్కిన ఆ వీధికుక్క తనంత తానే ఆయనను చేరింది. గాఢాంధకారంలో మనిషి చెవికి ఏ అలికిడీ వినిపించని వేళ కుక్క గుర్రుమన్నది. ఆ హెచ్చరికతో ఆయన సిద్ధమయ్యారు. చిరుత చచ్చింది, ఆయన బ్రతికారు. ఆ కుక్కకు నిప్పర్ అని పేరు పెట్టి బెంగుళూరుకు తీసుకొనిపోయి ఇంటిలో పెంచుకొన్నారు.

తెల్లవారిన తరువాత ఆయన చేసిన పని గమనించదగినది. చచ్చిన చిరుతను పరిశీలించి, అది మనుషుల మీద పడడానికి కారణమేమిటా అని వెదికారు. దాని ముందరి పాదంలో ఏదుపంది ముళ్ళు రెండు విరిగి, ఎముకల మధ్య ఇరుక్కొని కనిపించాయి. పైన గాయం మానినా లోపలి నొప్పితో అది కుంటుతూ బ్రతికి ఉంటుంది. వేగంగా పరుగెత్తే జింకను పట్టలేని మృగానికి మనిషి సులభమైన ఆహారమైనాడు. నరభక్షకి అనే పేరు వినగానే మనం ఒక రాక్షసిని ఊహించుకొంటాము. ఆండర్సన్ ప్రతిసారీ ఆ రాక్షసి వెనుక ఉన్న కుంటికాలును, విరిగిన కోరను, పాత తుపాకి గాయాన్ని వెదికి చూపించారు.

ఇంతవరకు చెప్పినవి అడవి ఊళ్ళ కథలు. నగరం అంచున జరిగినది జలహళ్ళి కథ. ఆ రోజులలో జలహళ్ళి బెంగుళూరుకు ఏడెనిమిది మైళ్ళ దూరాన ఉన్న చిన్న పల్లె. చుట్టూ పొదలు, బీడు భూములు. అక్కడికి చేరిన ఒక చిరుత నరభక్షకి కాదు. పల్లె కుక్కలతోను, మేకలతోను పొట్ట పోసుకొనేది. దానిని చంపాలని జనం గుంపులు గుంపులుగా వలలు, బల్లేలు, నాటు తుపాకులు పట్టుకొని చుట్టుముట్టారు. గాయపడి, పారిపోయే దారి కానరాక, అది కనబడినవారి మీదనల్లా పడింది. ఎందరో గాయపడ్డారు, కొందరు మరణించారు. చివరకు చిరుతా మరణించింది. ఈ కథలో ఆండర్సన్ సానుభూతి ఎవరి పక్షాన ఉన్నదో పాఠకునికి స్పష్టంగానే తెలుస్తుంది. ప్రాణాలు పోయిన మనుషుల పట్ల ఆయనకు జాలి లేక కాదు. చేతులారా తెచ్చుకొన్న ప్రమాదమని ఆయన అభిప్రాయం.

నేటి జలహళ్ళిని చూసినవారికి అక్కడ ఒకనాడు చిరుత తిరిగిందంటే నమ్మశక్యం కాదు. 1950ల దశకంలో భారత్ ఎలక్ట్రానిక్స్, హిందుస్థాన్ మెషిన్ టూల్స్ వంటి భారీ కర్మాగారాలు అక్కడ వెలిశాయి. వాటి వెంట కాలనీలు, బజార్లు వచ్చాయి. నేడది బెంగుళూరు నగరంలో కలిసిపోయిన పేట. చిరుత ఊరిలోకి వచ్చినదా, ఊరే చిరుత ఉన్న చోటికి వచ్చినదా అన్నది ఇటువంటి చోట్ల తేల్చి చెప్పవలసిన ప్రశ్న. హైదరాబాదు విషయమూ అంతే. శంషాబాదు, రాజేంద్రనగర్, పటాన్‌చెరు ఒకప్పుడు నగరానికి బయట ఉన్న గుట్టలు, చెరువులు, పొలాలు. ఇప్పుడవి నగరమే.

వేటగాడైన ఈ మనిషి ఇంటిలో అడవిమృగాలు పెరిగాయన్నది మరొక విశేషం. మైసూరు సమీపంలోని చెరకుతోటలలో, వెంట ఉన్నవారిలో ఒకరు కారణం లేకుండానే ఒక తల్లి ఎలుగుబంటిని కాల్చారు. దాని వీపు మీద ఉన్న పిల్లను ఆండర్సన్ పట్టి తెచ్చి భార్యకు ఇచ్చారు. ఆమె దానికి బ్రూనో అని పేరు పెట్టారు. అది ఇంటిలో కుక్కలతోపాటు పెరిగింది. ఎలుకల కోసం పెట్టిన విషం ఒకసారి తిన్నది, పశువైద్యుడు సూదిమందు ఇచ్చి బ్రతికించాడు. మరొకసారి కారు నుంచి తీసిన పాత ఇంజను నూనె త్రాగింది, దానికి మాత్రం ఏమీ కాలేదు! పెద్దదైన తరువాత మైసూరు జంతు ప్రదర్శనశాలకు పంపారు. అక్కడ అది తిండి మానివేసి చిక్కిపోయింది. ఇక్కడ ఆమె కూడా బెంగతో అన్నం మానివేశారు. మూడు నెలల తరువాత చూడబోతే అది ఆమెను గుర్తించి, ఆనందంతో తలక్రిందులుగా నిలబడింది. అధికారులు అనుమతి ఇవ్వగా తిరిగి ఇంటికి తెచ్చారు. పెరటిలో ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు గల దీవి వంటి స్థలాన్ని వదలి, చుట్టూ ఆరు అడుగుల వెడల్పున, ఏడు అడుగుల లోతున కందకం తవ్వించి దానిని అక్కడ ఉంచారు. ఆమె చెట్టుకొమ్మకు త్రాడు కట్టి, ఊయలలా ఊగుతూ కందకం దాటి ఎలుగుబంటి దగ్గరకు వెళ్ళేవారట. ఈ కథ కొన్నేళ్ళపాటు జాతీయ తొమ్మిదవ తరగతి ఆంగ్ల వాచకంలో పాఠంగా ఉండేది. మీలో కొందరు చదివే ఉంటారు.

కథ హృద్యమైనదే. అయినా దీనిని అనుసరించదగిన పద్ధతిగా భావించరాదు. అడవి జంతువును ఇంటికి తెచ్చి మనిషిగా పెంచడం వేరు, దాని దారిన దానిని బ్రతకనిస్తూ దాని పొరుగున మనం బ్రతకడం వేరు. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటిదానిని నిషేధించింది. రెండవదానిని మనం ఇంకా నేర్చుకొంటున్నాము.

ఆండర్సన్‌లో క్రమంగా ఒక మార్పు వచ్చింది. యౌవనంలో ఆయన కూడా సరదా కోసం వేటాడినవారే. వయసు పెరిగిన కొద్దీ రైఫిలు కన్న కెమెరా మేలన్న భావానికి వచ్చారు. ఆ మార్పుకు కారణం ఆయన కళ్ళెదుటనే ఉంది. ఒకప్పుడు రాత్రివేళ జింకల మందలు అడ్డుపడే బాటలలో జీపులు, శక్తిమంతమైన దీపాలు ప్రవేశించాయి. రాత్రివేళ దీపం వెలుగులో బెదరి నిలబడిన జంతువులను కాల్చి, మాంసం అమ్ముకొనేవారు ఎక్కువైనారు. ఆహారమైన జింకలు, దుప్పులు తరిగిపోతే చిరుతలు పశువుల మీద, కుక్కల మీద ఆధారపడక తప్పదు. చివరి పుస్తకాలలో వేట సాహసం కంటె పోయిన అడవిని గురించిన దుఃఖమే ఎక్కువగా వినిపిస్తుంది. 1972లో చట్టం, 1973లో పెద్దపులుల సంరక్షణ పథకం వచ్చాయి. ఆ మరుసటి సంవత్సరమే, 1974 ఆగస్టు 30వ తేదీన, కాన్సర్ వ్యాధితో ఆండర్సన్ మరణించారు. అప్పటికి ఆయన వయసు 64 సంవత్సరాలు. ఆయన కుమారుడు డొనాల్డ్ కూడా పేరుపొందిన వేటగాడే.

ఆయన అనుభవం మీద ఆధారపడి గ్రహించిన విషయాలను తరువాతి శాస్త్రజ్ఞులు లెక్కలు కట్టి చూశారు. మహారాష్ట్రలోని అకోలే ప్రాంతంలో విద్యా ఆత్రేయ బృందం పరిశోధన చేసింది. అక్కడ చెప్పుకోదగిన అడవి లేదు. అంతా చెరకుతోటలు, ఊళ్ళు. అయినా ప్రతి 100 చదరపు కిలోమీటర్లకు సుమారు 5 పెద్ద చిరుతలు ఉన్నట్లు 2013లో వెలువడిన వ్యాసంలో తేలింది. వాటి ఆహారంలో 87 శాతం పెంపుడు జంతువులే, అందులోనూ కుక్కలదే పెద్ద వాటా. గుమ్మలాపురంలో ఆండర్సన్‌ను చేరిన ఊరకుక్క మనకు ఇక్కడ గుర్తుకు రాక మానదు. చెత్తకుప్పలు కుక్కలను పోషిస్తాయి, కుక్కలు చిరుతలను పోషిస్తాయి. ఇంత దగ్గరగా ఉంటూ కూడా ఆ ప్రాంతపు చిరుతలు మనుషులకు కనబడకుండా రాత్రివేళ తిరుగుతూ బ్రతుకుతున్నాయి.

జున్నరు అనుభవం మరొక విధమైనది. అక్కడ చిరుతలు కనబడగానే పట్టుకొని ఎక్కడో దూరపు అడవులలో విడిచిపెట్టడం మొదలుపెట్టారు. దానితో సమస్య తీరలేదు సరికదా, ఏడాదికి సగటున 4గా ఉన్న దాడులు 2001-2003 మధ్య 17కు పెరిగాయి. తెలియని చోట వదలిన చిరుత తన పాత నెలవు వెదుక్కొంటూ ఊళ్ళ మధ్యగా నడుస్తుంది. ఆ కలవరంలో మనిషి ఎదురుపడితే ప్రమాదం.

అయితే శాస్త్రం చెప్పిన మాట బిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రులకు ఓదార్పు కాదు. 2023 ఆగస్టులో అలిపిరి నుంచి తిరుమలకు వెళ్ళే కాలినడక మార్గంలో ఆరేళ్ళ బాలికను చిరుత చంపింది. అంతకు రెండు నెలల ముందే అదే మార్గంలో ఒక బాలుడు చిరుత నోటబడి, ప్రాణాలతో బయటపడ్డాడు. అటవీశాఖ వారు బోనులు పెట్టి పలు చిరుతలను పట్టారు. భక్తులు గుంపులుగా నడవాలని, పిల్లలను ముందుకు వదలరాదని ఆంక్షలు విధించారు. దేవస్థానం వారు భక్తుల చేతికి కర్రలు ఇచ్చారు. ఆండర్సన్ పులుల కోసం తిరిగిన నాగపట్ల, మామండూరు అడవులు ఈ కొండలకు పొరుగువే.

ఇక ఆయన పుట్టిన జంటనగరాల సంగతి. 2024 ఏప్రిల్ చివరలో శంషాబాదు విమానాశ్రయం గోడ దాటి ఒక చిరుత లోపలికి వచ్చింది. అయిదు రోజులపాటు బోనులలో మేకలను కట్టి, కెమెరాలు అమర్చి కాచుకొన్నారు. ఆండర్సన్ కాలమైతే మంచె మీద రైఫిలుతో ఒక మనిషి ఉండేవాడు. ఇక్కడ ఒక్క గుండు కూడా పేలలేదు. చివరకు అది బోనులో చిక్కింది. పరీక్షల కోసం దానిని హైదరాబాదు జంతు ప్రదర్శనశాలకు తరలించారు. అటు తరువాత వాహనంలో ఎక్కించి నల్లమలకు తీసుకొనిపోయి విడిచిపెట్టారు.